పిన్ని ముక్కు, లొరెట్టా సగటు

లొరెట్టా బ్రూసార్‌కి సగటు మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో రసాయనాల ఫ్యాక్టరీ పక్క ఊళ్లో పుట్టి, ఆ ఫ్యాక్టరీ పొగనే లెక్కగట్టే ఉద్యోగంలో చేరిన మనిషి. ఊళ్లో గాలిని కొలిచే యంత్రం పంపే అంకెలు ఆమె చేతుల మీదుగానే నివేదికలోకి వెళ్తాయి. ఆ యంత్రానికి చెమ్మ పడదు. చిత్తడినేల గాలి తగిలితే చాలు, పూనకం వచ్చినట్టు అంకెలు ఎగిరేవి. అందుకని ఒక నియమం పెట్టుకుంది: ముందువెనకల అంకెలతో పొసగకుండా ఒక్కసారిగా ఎగిరినదాన్ని కొట్టేసి, మిగిలినవాటికే సగటు కట్టాలి. ఆ పనిలో ఉన్నవాళ్లంతా చేసేదే. కాకపోతే వాళ్లు ముందు వెళ్లి యంత్రాన్ని చూసొస్తారు. లొరెట్టాకి అంత తీరిక ఎక్కడిది?

తనను పెంచిన పిన్ని ఒడీల్ ఫోన్ చేసి, "మళ్లీ అదే కంపు తల్లీ, గొంతు మండిపోతోంది" అంటే, "సగటు శుభ్రంగా ఉంది పిన్నీ. వయసు మీదపడితే ముక్కు కూడా కథలల్లుతుంది" అని నవ్వేసేది.

ఈ వసంతంలో రోడ్డుకి అవతల, చెమ్మకి బెదరని రెండో యంత్రం పెట్టారు. మొదటిది ఎగిరినప్పుడల్లా అదీ ఎగిరింది. రెండింటికీ ఒకేసారి పూనకం రాదు కదా! కొట్టేసిన పాత అంకెలన్నీ తవ్వి తీసి, గాలి దిక్కుతో కలిపి చూసింది. ఎగిరినవన్నీ ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వీచినప్పటివే. సిగ్గుతో ఆమెకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నివేదిక సవరిద్దాం, ఊరికి చాటింపెందుకు?" అన్నాడు పై అధికారి. ఆమె వినలేదు. ఈస్టరు ముందటి ఉపవాసాల్లో, మాంసం మాని చేపలు తినే ఒక శుక్రవారం, వేపుడు విందుకి ఊరంతా చర్చి హాల్లో చేరినప్పుడు లేచి నిలబడింది.

"తప్పు నాదే. గాలి చెడింది నిజం. ఆ అంకెలు కొట్టేసింది నేను."

"ఇన్నాళ్లకి మా ముక్కులు పాసయ్యాయన్నమాట!" అని ఎవరో ఎకసెక్కమాడారు. ఆ మాట ఆమెకు తగిందే.

పిన్ని మాత్రం తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది లొరెట్టాకి.

"పక్కింటి టెస్ లేదూ? పాప దగ్గుతోందని తలుపులన్నీ బిగించుకుంటానంది" అంది ఒడీల్ మెల్లగా. "నేనే వద్దన్నాను. 'మా పిల్ల లెక్క కట్టింది, గాలి బాగానే ఉంది, కిటికీలు తెరుచుకో' అన్నానే."

"టెస్ ఎక్కడ పిన్నీ?"

"బయట, చెట్టుకింద. పాపకి ఈ నూనె పొగ పడదని లోపలికే రాలేదు. నువ్విప్పుడు చెప్పింది దాని చెవిన పడలేదు."

ఒడీల్ చేతికర్ర అందుకుని లేచింది.

"పద. దానికి మనిద్దరం చెప్పాలి."