బాటనీ మేడం జావాస్క్రిప్ట్ పాఠం

ఆ ఏడు మా డిగ్రీ కాలేజీలో బాటనీకి ఒక్కరు కూడా చేరలేదు. అమలాపురం పిల్లలంతా కంప్యూటర్ల కోర్సు మీద పడ్డారు. పెళ్లికి ముందు నుంచీ అక్కడే బాటనీ చెబుతున్న నన్ను కాలేజీ నడిపే కరస్పాండెంటు గారు పిలిపించారు.

"మిమ్మల్ని తీసెయ్యడం నాకిష్టం లేదండి. ఈ సెలవుల్లో వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. కాలేజీ తెరిచేక ఒక డెమో క్లాసు ఇవ్వండి. బాగుంటే ఆ పేపరు మీదే."

"ఆకులూ వేళ్లూ చెప్పుకునేదాన్నండీ నేను."

"ఏదైనా పాఠమే కదండీ. ఫిజిక్సు మాస్టారు నేర్చేసుకోలేదా?"

"నేర్చుకున్నారని మీకెవరు చెప్పేరు? పిల్లల్ని అడిగేరా?" అన్నాను. మాట మింగడం నాకెప్పుడూ చేతకాలేదు. ఆయన నవ్వలేదు.

మే నెలంతా ఫ్యాను కింద లాప్‌టాప్ పెట్టుకుని, ఫోన్లో వీడియోలు చూస్తూ కూర్చున్నాను. జావాస్క్రిప్ట్ అనేది వెబ్ పేజీని కదిలించే భాష. మీట నొక్కితే బొమ్మ రావడం, ఫారంలో తప్పు నింపితే హెచ్చరించడం దాని పని. ఒక్క బ్రాకెట్టు మూయడం మరిచిపోతే ఏదీ కదలదు. మొక్క ఇలా చేయదు. ఒక కొమ్మ ఎండినా మిగతా చెట్టు తన పని తాను చూసుకుంటుంది. ఈ భాషకు అంత దయ లేదు.

అప్పుడు దొరికింది లైబ్రరీ. తరచూ చేసే పనులకు ఎవరో ముందే రాసిపెట్టిన కోడు అది. మన పేజీలో ఒక లింకు పెడితే చాలు, నెట్ నుంచి వచ్చి కూర్చుంటుంది. ఇక డాలరు గుర్తు వేసి పొట్టిగా ఒక్క వరుస రాస్తే, పెద్ద పని అయిపోతుంది. తెర మీద వరసగా డాలరు గుర్తులు చూసి, చర్చిలో ఆరాధన అయ్యి ఇంటికొచ్చిన మా ఆయన, "మొత్తానికి డాలర్లు సంపాదిస్తున్నావన్నమాట" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

మా కాలేజీలో కంప్యూటర్లు చెప్పే అమ్మాయి ముమ్మిడివరం నుంచి బస్సులో వస్తుంది. కాలేజీ తెరిచేక ఆ అమ్మాయికి నా పేజీ చూపించాను.

"బాగుందండి. కానీ ముందు భాష గట్టిగా పట్టుకోండి మేడంగారూ. లైబ్రరీ తరవాత చూద్దురుగాని."

"గ్యాసు పొయ్యి ఉండగా కట్టెలు ఊదమంటావేంటమ్మా?"

"ఊదమనట్లేదండి. గ్యాసు అయిపోయిన రోజు ఏం చేస్తారనండి."

"ఇంకో బండ తెప్పిస్తాను."

"ఆయ్, మీ ఇష్టమండి" అని సంచీ భుజాన వేసుకుని బస్సుకు వెళ్లిపోయింది.

డెమోకు ముందురోజు గాలివాన కొట్టింది. కొబ్బరి మట్టలు పడి వీధిలో నెట్ కేబుల్ తెగింది. కరెంటుకు జనరేటరు ఉంది కాబట్టి ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. వెనక బెంచీలో కరస్పాండెంటు గారు, ముందు పిల్లలు. ఇంట్లో ఎన్నోసార్లు ఆడించిన మీట నొక్కాను. దాచిన బొమ్మ రాలేదు. మళ్లీ నొక్కాను. డాలరు అంటే ఏమిటో తనకు తెలియదని, కింద ఎర్రటి అక్షరాలతో కంప్యూటరు చెప్పింది.

"ఏమైందండీ?" అన్నారు కరస్పాండెంటు గారు.

"నెట్ లేదండి. లైబ్రరీ నెట్లోంచి రావాలి."

"పోనీ, అది లేకుండా బోర్డు మీద రాసి చెప్పండి."

చాక్‌పీసు తీసుకుని "డాక్యుమెంట్" అన్న ఇంగ్లీషు మాట రాసి, చుక్క పెట్టాను. ఆ చుక్క తరవాత ఏం రాయాలో నాకు తెలియదు. లైబ్రరీ దొరికిన రోజే ఆ పాఠం దగ్గర వీడియో ఆపేశాను.

"కేబుల్ తెగితే అది నా తప్పాండీ?" అన్నాను, పిల్లల ముందే.

"ఎవరి తప్పూ కాదండి. మన వైపు వానొచ్చినప్పుడల్లా పాఠం ఆపేస్తే ఎలాగండీ?"

చాక్‌పీసు బల్ల మీద పెట్టేశాను. బాటనీ ల్యాబ్‌లో ముందే కోసి అమ్మే గాజు స్లైడ్లు పిల్లల్ని ముట్టనిచ్చేదాన్ని కాదు. కాడను బ్లేడుతో పలచగా కోసి, రంగు వేసి, మీ కళ్లతో మీరే చూడండి అనేదాన్ని. వేలు తెగిందని ఏడ్చిన పిల్లలచేత కూడా కోయించాను. నా వంతు వచ్చేసరికి, ఎవరో కోసిపెట్టిన ముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాను.

సాయంత్రం ఆయన తన గదికి పిలిచి మెత్తగానే చెప్పారు. "మీరు అడ్మిషన్లు చూసుకోండి మేడంగారూ. జీతం తగ్గించను. మీ మాటకు ఎదురు చెప్పి గెలిచినవాళ్లు లేరు కదండీ, ఊళ్లలో పనికొస్తుంది."

జీవితంలో మొదటిసారి నా నోటిని ఒకరు మెచ్చుకున్నారు. నేను వాదించలేదు.

మా వైపు ప్రైవేటు కాలేజీల్లో ఇది మామూలే. పాఠం చెప్పేవాళ్లే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని అడగాలి. ఇప్పుడు నాకు పాఠం పోయి, తిరగడం మిగిలింది. కె.గంగవరం దగ్గర ఒక ఇంట్లో, ఇంటర్ పాసైన పిల్ల నాకు కుర్చీ వేసి, "మీ కాలేజీలో బాటనీ ఉందాండీ?" అని అడిగింది.

"లేదమ్మా. కంప్యూటర్లు తీసుకో."

ఆ పిల్ల తల వంచుకుంది. వాళ్లమ్మ మంచినీళ్లు ఇస్తూ, "మా పిల్లకి మీరే చెప్తారాండి?" అంది.

"లేదండి. నేను చేర్పించడం వరకే" అన్నాను. నీళ్లు తాగేసి, పక్కింటి గేటు తీశాను.