చిన్నమావ, మాసిడోనియన్లు

మొన్న మనవరాలు చరిత్ర పుస్తకం పట్టుకొచ్చి, "మామ్మా, మాసిడోనియన్లు గ్రీకులా, కాదా? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది" అని అడిగింది. పండితులే ఇంకా తేల్చుకోలేదని చెప్పి తప్పించుకున్నాను గానీ, ఆ పూటంతా నాకు చిన్నమావే గుర్తొచ్చాడు.

చిన్నమావ మా అమ్మకు తమ్ముడు. సైనిక ప్రభుత్వపు రోజుల్లో రంగూన్ లమ్మడా పేటలో ఒక అచ్చాఫీసులో బర్మా అక్షరాలు కూర్చేవాడు. కూర్చిన ప్రతి పుస్తకమూ చదివేసి, సాయంత్రం మా ఇంటికొచ్చి పకోడీల పొట్లంతో పాటు దాన్నీ విప్పేవాడు. అన్నిటికన్నా మాసిడోనియన్ల తగువంటే ఆయనకు మహా ఇష్టం.

"అలెగ్జాండరు పూర్వీకుడొకడు ఒలింపిక్ పందేలకెల్తే, నువ్వు గ్రీకువి కాదు పొమ్మన్నారంట. వంశం చెప్పుకుని నెగ్గేడు. మరి ఆ దేశంలో మేకలు కాసుకున్నోడి మాటేటి? ఆడిదీ అదే బాసంటారు కొందరు, కాదంటారు కొందరు. ఆడి వంశం ఎవుడు రాసినాడు?"

"నీ మేకలోళ్ల గొడవ ఆపి తిను," అనేది అమ్మ.

తర్వాత పౌరసత్వం కాగితాల తనిఖీ వచ్చింది; తాతల నాటి నుంచీ బర్మాలోనే ఉన్నట్టు చూపాలి. మావ తాత రంగూన్‌లోనే పుట్టాడు గానీ రుజువు కాగితం లేదు. ఇంటివాళ్లెవరైనా సాక్ష్యం చెప్పాలన్నారు. నాన్న వైపు పత్రాలతో నాకు అప్పటికే పౌరసత్వపు కార్డు వచ్చింది, బడిలో కొత్తగా ఉద్యోగం. మావ ఉతికిన లుంగీ కట్టుకుని, తలకు నూనె రాసుకుని నన్ను వెంట తీసుకెళ్లాడు.

అధికారి బర్మా భాషలో అడిగాడు: "ఈయన తాత ఇక్కడే పుట్టాడని మీ ఇంట్లో విన్నావా?"

వింటూనే పెరిగాను. ఆ తాత పుట్టిన గది కిటికీలోంచి నది అవతలి దలాకు వెళ్లే పడవలు కనిపించేవని కూడా తెలుసు. కానీ నేనూ ఆ వంశందాన్నేనని రాయించుకున్నాక అమ్మ వైపు వాళ్లు పరాయివాళ్లని తేలితే నా ఉద్యోగం ఏమవుతుందోనని భయం పట్టుకుంది.

"నాకు తెలియదు," అన్నాను.

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?"

"బర్మా భాషే."

మావ నా వైపు తిరగలేదు. ఆయన చేతిలో విదేశీయుడి కార్డు పెట్టారు. బయటికొచ్చాక, "బస్సొచ్చీసింది అమ్మీ, ఎక్కు. బడికి ఆలీసమైపోద్ది," అన్నాడు. అంతే. నేనన్న మాట ఆయన అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంటికి రావడమూ మానలేదు. మాసిడోనియన్ల ఊసు మాత్రం మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఆయన పదేళ్లు బతికాడు. తప్పయిందని చెప్పడానికి ఒక్క సాయంత్రం చాలేది. రేపు చెబుదాంలే అనుకుంటూ, నాకు దొరికిన కాలమంతా దాక్కోవడానికే వాడుకున్నాను.