క్రిముల దొరగారూ, పెదపాడు నూతులూ

ఉదయం ఆరుంబావుకి తాడేపల్లిగూడెంలో పాసింజరెక్కాను. మూడో తరగతి, కిటికీ పక్క చోటు. నేను జిల్లా బోర్డు హైస్కూల్లో సైన్సు మేష్టర్ని. కొల్లేటి లంకలో పఠనమందిరం పెట్టారట, సైన్సు మీద ఉపన్యాసమిమ్మని కబురంపారు. లోకాన్ని ఉద్ధరించే అవకాశం ఎవరు వదులుకుంటారు?

విషయం, క్రిముల సంగతి తేల్చిన ఫ్రెంచి దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు. ఎదురుగా కూర్చున్న ఏలూరు తివాచీల సాయిబుగారు, "ఆయన డాక్టరాండీ?" అన్నారు.

"కాదండీ. ద్రాక్షసారా ఎందుకు పాడవుతుందో చూశాడు, పట్టుపురుగుల రోగం పట్టుకున్నాడు, చివరికి పిచ్చికుక్క కాటుకు మందు కనిపెట్టాడు."

"తన పని తప్ప అందరి పనీ చేశారన్నమాట. మా వీధిలోనూ ఉన్నారండీ అలాంటివాళ్ళు. మందు మాత్రం ఒక్కరూ కనిపెట్టలేదు."

ఎనిమిదింటికి ఏలూరు. స్టేషను బయటే ఇడ్లీ తినేయండి, ఆ తరువాత ఏమీ దొరకదు. జట్కాలో కొల్లేటి ఒడ్డుకి, అక్కణ్ణించి దోనె. దోనె నడిపింది నూకాలమ్మ, చేపలు పట్టుకు బతికే మనిషి. పదకొండింటికి లంక చేరాం.

గంటన్నర దంచేశాను. మూఢనమ్మకాలను చెడామడా తిట్టాను. ప్రశ్న అడిగింది నూకాలమ్మ ఒక్కతే. "ఆ పిచ్చికుక్క కాటు సూది ఏలూరులో ఏస్తారాండీ?"

"పెద్దాసుపత్రిలో వేస్తారమ్మా. పద్నాలుగు రోజులు, పొట్టలో," అన్నాను దర్జాగా.

చప్పట్లింకా ఆగలేదు. చొంగ కార్చుకుంటూ ఓ కుక్క వచ్చి నూకాలమ్మ చెయ్యి, నా పిక్క కొరికేసింది. జనం కర్రలతో దాన్ని చంపారు. పిచ్చిదే.

పఠనమందిరం పెద్ద వీర్రాజుగారు ధైర్యం చెప్పారు. "ఏం భయం లేదండీ మేష్టారూ. పొద్దుగూకేలోగా ఏడు నూతుల్లో తొంగి చూస్తే విషం దిగిపోద్దండీ. లంకలో నుయ్యి లేదండీ, మేం తాగేదీ కొల్లేటి నీళ్ళే. పెదపాడు ఎళ్ళాలండీ."

చచ్చిపోతానని నిజంగా భయమేసింది. కానీ పొట్టలో పద్నాలుగు సూదులంటే ఇంకా భయమేసింది. ఒడ్డుకు రాగానే నూకాలమ్మ ఏలూరు దారి పట్టింది. "మీరు రారాండీ?" అంది. "వెనకాలే వస్తానమ్మా," అని పెదపాడు బండెక్కాను.

అటు వెళ్ళేవారి కోసం రాస్తున్నాను: మొదటి మూడు నూతులూ దగ్గరదగ్గరే. నాలుగోదాని గట్టు జారుతుంది. అయిదోదాని దగ్గర బిందెలతో ఉన్న ఆడవాళ్ళు, "ఏవండీ, ఏం పడిపోయిందండీ?" అన్నారు. బుద్ధి అనాల్సింది, చెంబన్నాను. ఏడోదాంట్లో నా మొహం కనిపించింది. ఛీ, ఏం మొహమది! అక్కడే కూలబడి ఏడ్చాను.

నాలుగున్నరకి ఏలూరు పెద్దాసుపత్రిలో పడ్డాను. కాంపౌండరు ఎగాదిగా చూశాడు. "గూడెం మేష్టారు మీరేనాండీ? నూకాలమ్మగారు సూది వేయించుకుని కూడా కదలట్లేదండీ. మందు అయిపోతుందేమో, మీకొకటి తీసి ఉంచమని ఒకటే గొడవ."

బల్లమీంచి ఆవిడ లేచింది. "ఏడూ చూశారాండీ?"

"చూశానమ్మా."

"పోన్లెండి. రండి, పొట్ట చూపించండి."

ఆరున్నర బండిలో పొట్ట పట్టుకుని తిరిగొచ్చాను. ఇంకా పదమూడు రోజులు ఇదే ప్రయాణం. పక్కాయన, "కొల్లేరులో ఏం చూశారండీ?" అన్నాడు.

"నా మాట నమ్మిన మనిషిని చూశానండీ," అన్నాను. నేను నమ్మలేదని మాత్రం చెప్పలేదు.