బాబాయి వేసిన ట్రయల్

ట్రయల్ వేయకుండా ఏ పనైనా చేయడం బాబాయికి చేతకాదు. వృత్తి దర్జీ పని కాబట్టి కోటుకి ట్రయల్ చూస్తే ఎవరూ తప్పుపట్టరు. పన్ను పీకించుకోవడానికి కూడా ముందురోజే వెళ్ళి, డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని, లేచి వచ్చేసే మనిషిని ఏమనాలి? పెళ్ళికి వారం ముందు తనతో ఓ చిన్న దెబ్బలాట పెట్టుకుని చూశాడని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది. “అందులో నేనే గెలిచాను. అయినా చేసుకున్నాడు.”

ఆ ఇంట్లో ఉండి చదువుకుంటున్న అన్నగారి కూతురు ఒకరోజు కత్తెర చప్పుడు ఆగేదాకా కాచుకుని, “బాబాయ్, నేను యూనివర్సిటీ మారాలి” అంది.

“ఇప్పుడున్నది ఎక్కడ బిగుతుగా ఉంది?”

“నాకు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఉద్యోగం కావాలి. ఆ బ్యాంకులు మా గడప తొక్కవు. పెద్ద యూనివర్సిటీకి ఏటా వచ్చి, రెండో ఏడాది పిల్లల్నే ఏరుకుపోతాయి. మారితే ఇప్పుడే మారాలి, తర్వాత చేర్చుకోరు. అయిదే సీట్లు, మూడొందలమంది పోటీ, ఇంటర్వ్యూ చేసి ఏరతారు.”

“ఏం చేస్తారక్కడ?”

“ఒక కంపెనీని ఇంకోటి కొనాలంటే వెల కట్టి, ఇద్దర్నీ కూర్చోబెట్టి ఒప్పిస్తారు.”

“సంబంధాలు కుదర్చడమన్నమాట,” అంది పిన్ని గుండీలు కుడుతూ. “దానికింత చదువెందుకే?”

మర్నాటినుంచి దుకాణం ఇంటర్వ్యూ గదైపోయింది. కత్తిరింపు బల్ల వెనక బాబాయి, పక్కన పిన్ని, ఆవిడ పక్కన తల లేని కోటు బొమ్మ. ముగ్గురూ ప్రొఫెసర్లే. బొమ్మే కాస్త నయం, ఎదురుప్రశ్నలు వేయదు. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చినవాడు కూడా అమ్మాయిని ఒక ప్రశ్న అడిగితేగానీ బాబాయి టేపు తీసేవాడు కాదు.

“ఉన్న చోటు వదిలి ఇక్కడికెందుకు వస్తున్నావు?” అన్నాడు బాబాయి.

అమ్మాయి గొంతు సవరించుకుంది. “జ్ఞానతృష్ణతో, సమాజసేవే పరమావధిగా...”

“ఆగు. చంకల కింద పట్టేస్తోంది. విప్పి మళ్ళీ కుట్టు.”

“అందరూ అలాగే చెప్తారు బాబాయ్.”

“అందరూ వేసుకునేది రెడీమేడు.”

పదకొండోసారికి అమ్మాయికి ఒళ్ళు మండింది. “మా కాలేజీకి బ్యాంకులు రావు, మీ దగ్గరికి వస్తాయి. నాకు ఆ పనంటే పిచ్చి. అందుకు. చాలా?”

బాబాయి నోట్లోని గుండుసూదులు తీసి డబ్బాలో వేశాడు. “ఇదీ కొలత.”

“ఇది విని సీటిచ్చారంటే పిచ్చి వాళ్ళకి,” అంది పిన్ని.

తీరా ఇంటర్వ్యూ రోజున బాబాయి రానన్నాడు. ఎవరికో సూటు అందివ్వాలట. అమ్మాయి మనసు చివుక్కుమంది. ఒక్కతే బస్సెక్కింది.

లోపల మొదటి ప్రశ్న అదే. జవాబు విని పెద్ద ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసేసింది. “పొద్దుటినుంచీ నలభై జ్ఞానతృష్ణలు విన్నాం. సరే, నీకు బాగా తెలిసిన వ్యాపారం ఏదో చెప్పి, దానికి వెల కట్టు.”

“దర్జీ దుకాణం. మిషన్లు పాతవి, గది అద్దెది. కానీ ఒకసారి వచ్చినవాడు ముప్ఫై ఏళ్ళు వస్తూనే ఉంటాడు. దర్జీ కూడా మీతో వస్తేనే కొనండి. ఆయన రాకపోతే అది పాత ఇనుము.”

ప్రొఫెసరమ్మ పక్కవాళ్ళ మొహాలు చూసి, అక్కడికక్కడే కాగితం మీద సంతకం గీకేసింది.

అమ్మాయి కాళ్ళు నేలమీద ఆనకుండా బయటికొచ్చింది. తలుపు దగ్గర బంట్రోతు ఆపాడు. “దర్జీగారి అమ్మాయివేనా? పోయినవారం మూడుసార్లు వచ్చాడమ్మా ఆయన. కుర్చీలో కూర్చోవడం, తల వేలాడేసుకుని బయటికి రావడం. ఇదేం పనయ్యా అంటే, సీటు రాకపోతే పిల్ల ఎటు పోతుందో చూస్తున్నా అన్నాడు. ముందువైపు జనం ఉంటారు కదా, ఏడుపొస్తే వెనక తలుపే దిక్కని తేల్చాడు. పొద్దుటినుంచీ అక్కడే బెంచీ మీద ఉన్నాడు. సీటొస్తే మాత్రం తనొచ్చిన సంగతి చెప్పొద్దన్నాడు. ఇంతకీ వచ్చిందా?”

అమ్మాయి అప్పటికే వెనక తలుపు తోసేసింది.

బాబాయి బెంచీ మీదనుంచి లేచాడు. చేతిలో రెండు ఇస్త్రీ రుమాళ్ళు. “ఏం ఫర్వాలేదమ్మా. అయిదు సీట్లు మూడొందలమందికి ఎలా సరిపోతాయి? గుడ్డ తక్కువైంది, అంతే. నీ కొలతలో తప్పులేదు. బ్యాంకులు మన దగ్గరికి రాకపోతే మనమే బ్యాంకుల దగ్గరికి పోదాం. ముందు మొహం తుడుచుకో. రెండోది కూడా నీకే.”

ఎంతో ముచ్చటగా కుట్టుకొచ్చిన మాటలు. మధ్యలో ఆపడానికి అమ్మాయికి మనసొప్పలేదు. చివరికంటా విని అప్పుడు చెప్పింది. “బాబాయ్, సీటొచ్చింది.”

బాబాయి రుమాళ్ళు రెండూ జేబులో కుక్కేశాడు. “మరి ఈ తలుపులోంచి ఎందుకొచ్చావే?” అన్నాడు కోపంగా. “వెనక్కెళ్ళి ముందు తలుపులోంచి రా. నేను అటు వస్తాను.”

“తెలిసిపోయిందిగా బాబాయ్?”

“నాకేం తెలీదు. నడు.”

అమ్మాయి హాలు దాటి, ముందు తలుపు తెరుచుకుని, జనం మధ్యకి దర్జాగా వచ్చి నిలబడింది. భవనం చుట్టూ పరుగెత్తుకుని, దారిలో ఒక చెప్పు పోగొట్టుకుని, రొప్పుకుంటూ వచ్చాడు బాబాయి.

“ఏమైందమ్మా?” అన్నాడు.