నా మూడు మీటర్ల మంచు

శనివారం పొద్దున కాఫీ కలుపుకుని లాప్‌టాప్ తెరిస్తే యూరప్‌లో ఎక్కడో స్కీ జంపింగ్ పోటీ నడుస్తోంది. ఈ సీజన్‌లో ఆడవాళ్ళ పోటీ, మగవాళ్ళ పోటీ ఒకే కొండ మీద ఒకదాని వెంట ఒకటి పెడుతున్నారు. నా వారాంతాలన్నీ వాటికే సరిపోతున్నాయి. కాళ్ళకు పొడవాటి స్కీలు కట్టుకున్న అమ్మాయి ఏటవాలు దారిలో జారి వచ్చి, అంచు దాటగానే గాలిలోకి ఒరిగి, ఎంతో దూరాన మంచు మీద వాలుతుంది. వాలగానే ఠప్పుమని ఒక చప్పుడు. అది వినబడితే చాలు, నా చూపు స్క్రీన్ వదిలి వంటింటి నేల మీద పడుతుంది. "పోటీ అక్కడ, టైల్స్ మీద కాదు" అని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆ చప్పుడుకి నేల చూడడం నాకు నేర్పింది కామేశ్వరి ఆంటీ.

ఆంటీది కాకినాడ. కెనడాలో, మేముండే ఈ కాల్గరీలోనే పాథాలజిస్టుగా చేసి రిటైరైన డాక్టరు, మా వీధి చివర ఒక్కరే ఉండేవారు. మేమొచ్చిన మొదటి చలికాలం నేను ఉద్యోగం లేక, దుప్పటి కప్పుకుని అప్లికేషన్లు పెట్టుకుంటూ, నా మీద నేనే జాలిపడుతూ ఉన్న రోజుల్లో ఒకనాడు తలుపు కొట్టారు. "స్నో బూట్లున్నాయా? అయితే పద. కళ్ళు బాగున్నవాళ్ళు కావాలి" అన్నారు. ఎందుకో, ఎక్కడికో చెప్పలేదు. చెప్పి ఉంటే వెళ్ళేదాన్ని కాదు.

ఊరి పడమటి అంచున కొండ మీద అప్పట్లో ఇంకా జంపులు జరిగేవి. చిన్న పోటీల్లో దూరం కొలవడానికి కెమెరాలు ఉండేవి కావు. వాలే చోటు పొడుగునా మాలాంటి వాలంటీర్లను నిలబెట్టేవారు, మనిషికి మూడు మీటర్ల మంచు అప్పగించి. తన భాగంలో ఎవరైనా వాలితే చెయ్యెత్తి, రెండు పాదాల నడిమి చోటు ఎక్కడుందో అర మీటరు తేడా రాకుండా చెప్పాలి. ఆంటీ అప్పటికి పన్నెండు చలికాలాలుగా అదే పని చేస్తున్నారు.

"పైకి చూడకమ్మాయ్" అన్నారు మొదటి రోజే. "ఎగరడం చూస్తూ కూర్చుంటే వాలడం మిస్సవుతావ్."

"ఇన్నేళ్ళలో మీరొక్కసారి కూడా చూడలేదా ఆంటీ?"

"లేదు."

"ప్రాక్టీస్ రోజైనా చూడొచ్చు కదా?"

"కన్ను రుచి మరిగితే మళ్ళీ కిందకి దిగదు."

"పోనీ టీవీలో?"

"టీవీలో వెదర్ రిపోర్ట్‌లా ఉంటుంది" అని కొట్టిపారేశారు.

ఆవిడ పక్కన నిలబడి నేను కూడా చూడకుండా ఉండడం నేర్చుకున్నాను. పైన ఎక్కడో స్కీలు జారుతున్న గరగర, తర్వాత ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలోనే మంచు మీద ఒక నీడ మెత్తగా జారుకుంటూ వచ్చి నన్ను దాటి పోయేది. కాసేపటికి చలి కూడా తెలిసేది కాదు. సగం నిద్రలో ఉన్నట్టు, ఏదో సముద్రం అడుగున నిలబడి పైన పోతున్న పడవల్ని లెక్కపెడుతున్నట్టు ఉండేది. జంప్ చేసే పిల్లలందరూ నాకు నీడలుగానే పరిచయం.

రెండో చలికాలానికి నాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం వచ్చింది. సగం చూసిన వాటిని కూడా మొత్తం చూశానని టిక్కు పెట్టడం అక్కడ తొందరగానే అలవాటైంది. అప్పుడే యూరప్ వెళ్ళే జట్టు కోసం ఎంపిక పోటీ పెట్టారు. ఆడపిల్లల్లో ఒక్క చోటే మిగిలింది. దానికి ఇద్దరు: హేజల్, టెస్సా. ఆ సీజన్ తప్పితే ఇంకో ఏడాది ఆగాలి.

ఆఖరి జంప్ టెస్సాది. ఎండలోనే మంచు పడుతోంది. ఆ జంప్‌లో నీడ ఎప్పటిలా రాలేదు. ఎంతకీ కదలనట్టు, వెళ్ళాలో వద్దో ఆలోచించుకుంటున్నట్టు వచ్చింది. తల ఎత్తాను. నా నెత్తి మీద ఒక అమ్మాయి గాలి మీద పడుకుని ఉంది. స్కీలు రెండూ విచ్చుకుని, చేతులు ఒంటికి ఆనుకుని, ముఖంలో హడావుడి లేదు. పడుతున్న మంచు ఆమెతో పాటే ఆగిపోయిందనిపించింది. నా ఒళ్ళు తేలికైపోయింది. ఠప్పుమన్నాక కిందకి చూస్తే నా మూడు మీటర్లలో పాత స్కీ గీతలే డజను, ఆమెది ఏదో తెలీలేదు. చెయ్యెత్తి "తొంభై రెండున్నర" అన్నాను. అంత అందానికి అంతకంటే తక్కువ చెప్పడానికి మనసు రాలేదు.

నా పక్కన, కిందివైపు మూడు మీటర్లు ఆంటీవి. "చూశావా?" అని కేకేశారు.

"చూశాను" అన్నాను. అబద్ధమూ కాదు.

చోటు టెస్సాకి వచ్చింది. హేజల్ బెంచీ మీద కూర్చుని, తల వంచుకుని, చాలాసేపు ఒక్క బూటే విప్పుతూ ఉంది. ఆంటీ దగ్గరికి వెళ్ళి, "నేను పాదాలు చూడలేదు ఆంటీ" అన్నాను.

"తెలుసు. తల పైకెత్తావ్."

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"అవి నీ మూడు మీటర్లు. నేను నావి చూస్తున్నా, ఆమె ఎక్కడ వాలిందో నాకేం తెలుసు?" తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "పద, నేనూ వస్తా."

జడ్జీల గదిలో నా ఇంగ్లీషు తడబడింది కానీ విషయం మాత్రం చెప్పాను. టెస్సా జంప్ చెల్లదని, మళ్ళీ చేయాలని తేల్చారు. ఈ ఆటలో ఎదురుగాలి ఉంటేనే మనిషి తేలేది. అప్పటికి గాలి పడిపోయింది. ఈసారి నేల మీద నుంచి చూపు తిప్పలేదు. టెస్సా నా దాకా రానే లేదు, ఎనభై ఆరులో వాలింది. చోటు హేజల్‌కి వెళ్ళింది.

అందరూ వెళ్ళిపోతుంటే టెస్సా నా దగ్గరికి వచ్చి, "ఆ మొదటిది నిజంగా ఎంత?" అని అడిగింది.

"తెలీదు. నిన్నే చూస్తూ ఉండిపోయాను. సారీ."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. గ్లవ్‌తో ముఖం తుడుచుకుని, తల ఊపి వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆ పిల్లకి నేను చేసింది తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

తిరుగుదారిలో నేను డ్రైవ్ చేస్తూ ఏడుస్తున్నాను. ఆంటీ నీతులు చెప్తారేమో అని భయపడ్డాను, చెప్పలేదు. హైవే ఎక్కాక, అద్దంలోంచి బయటికి చూస్తూ, చిన్నపిల్ల అడిగినట్టు అడిగారు: "అది సరే గానీ... ఎలా ఉంటుంది, ఆ ఎగరడం?"

చెప్పాను. నీడ నెమ్మదించడం, ఆ పిల్ల ముఖం, ఆగిపోయిన మంచు. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. మా వీధి మలుపు వచ్చినా, "పోనీ, ఇంకొంచెం ముందుకి పోనీ. మళ్ళీ మొదట్నించి చెప్పు" అన్నారు.

ఆంటీ పోయి రెండేళ్ళు. ఆఫీసులో ఎవరైనా "చూశావా?" అంటే, చూడకపోతే చూడలేదనే అంటాను. అది ఆవిడ చలవ. ఆ రోజు టెస్సా ఎంత దూరం ఎగిరిందో ఏ కాగితంలోనూ లేదు. ఎలా ఎగిరిందో మాత్రం ఆంటీకీ, నాకూ తెలిసి ఉండేది. ఇప్పుడు నా ఒక్కదానికే తెలుసు.