దేవదానం సారును మైకులో పొగిడిన వాళ్లకు

నిన్న పొద్దున పాలకూర కట్టలు కడుతుంటే నా కొడుకు ప్రభాకర్ ఫోన్ చేశాడు.

“బాపూ, దేవదానం సారు పోయిండు. హార్ట్ ఎటాక్.”

ఫోన్ పెట్టేసి మళ్లీ నేనే చేశాను. ఏ దేవదానం అని అడిగాను.

మన సారే అన్నాడు.

నిన్న సాయంత్రమే సారు మా ఇంటికి రావాల్సింది. నా మనవరాలు కీర్తనకు పట్నంలో బీఎస్సీ సీటు వచ్చింది. చేరడానికి రేపే లాస్ట్ డేట్. వాళ్ల నాయన ప్రభాకర్ వద్దంటున్నాడు. మొయినాబాద్ రోడ్డు మీద ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలుండగా బీఎస్సీ ఏంటని. వాడితో మాట్లాడతానని సారు అన్నారు.

తెలియని వాళ్లకు చెబుతున్నాను. సారు మా చుట్టుపక్కల ఊళ్లలో సైన్స్ చెప్పి రిటైరయ్యారు. రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు, పిల్లల్ని సైన్స్ చదివించమని ఇల్లిల్లూ తిరిగారు.

కీర్తన ఐదో తరగతిలో ఉన్నప్పటి సంగతి. ఆదివారం చర్చి అయిపోయాక మటన్ షాపు దగ్గర నిలబడ్డాం. సారు వచ్చి జహంగీర్‌ను మేక కళ్లు అడిగారు.

“కండ్లు తీస్తే తలకాయ ఎవరు కొంటరు సార్?”

“నేనే కొంట. కండ్లు నాకు, మిగిలింది మన యాకోబన్నకు.”

యాకోబును నేనే. లైన్లో అందరూ నవ్వారు.

సారు అరుగు మీదే బ్లేడుతో కన్ను కోసి, లోపల నుంచి గోలీ అంత ముక్క తీశారు. గాజులా ఉంది. మాంసం చుట్టే పేపర్ మీద పెట్టారు. ఏదో ప్లాట్ల యాడ్. ఆ ముక్క కింద అక్షరాలు పెద్దవై కనబడ్డాయి.

పిల్లలంతా మీద పడ్డారు. కీర్తన అడిగింది.

“సార్, మరి మేకకు చదువొస్తదా?”

సారు నవ్వలేదు.

“మంచిగ అడిగినవ్ బిడ్డా. కన్ను చూస్తది, చదివేది మెదడు. అదెట్ల చదువుతదో ఇప్పటికీ ఎవ్వరికీ పూర్తిగ తెల్వదు. నువ్వు తెలుసుకో.”

అప్పటి నుంచి పిల్ల ఆ మాట వదల్లేదు.

ఈ రోజు మధ్యాహ్నం సారును మట్టి చేశాం. మైకు పెట్టారు. ఒకాయన లేచి, సారు మన పిల్లల్ని సైంటిస్టులుగా చూడాలనుకున్నారని చెప్పాడు.

పోయినేడు సారును గేటు దగ్గర నుంచే పంపింది ఈయనే.

“బీఎస్సీనా సార్? ఏ సీటు రానోళ్లు చదువుతరు. సంబంధానికొచ్చినోళ్లకు ఏం చెప్పాలె, నా బిడ్డ కప్పలు కోస్తదనా?”

నేను పక్కనే ఉండి విన్నాను.

తర్వాత మా ప్రభాకర్ మైకు తీసుకున్నాడు. సారు మాట మేం మరువం అన్నాడు.

నాకు ఒళ్లు మండింది.

చర్చిలో సాక్ష్యం చెప్పమంటేనే తల వంచుకునే మనిషిని. పోయి వాడి చేతిలో మైకు గుంజుకున్నాను.

“అయితే రేపు పిల్లను కాలేజీకి తోల్కపోతవా, పోవా? గది చెప్పు.”

“బాపూ, ఇంటికాడ మాట్లాడుదం.”

“సారు గూడ ఇంటికాడ మాట్లాడుదమనే ఉండె.”

మైకు ఇచ్చేసి వచ్చాను.

ప్రభాకర్ ఇప్పటిదాకా అవునని అనలేదు. అనకపోతే మానె. పొద్దున్నే మొదటి బస్సుకు నేనూ కీర్తనా పోతున్నాం. పిల్ల సర్టిఫికెట్లు సర్దుకుంది.

ఈ పోస్టు కింద దండాలు, పూల బొమ్మలు పెట్టకండి. మీ ఇంట్లో పిల్ల సైన్స్ చదువుతానంటే మీరేమన్నారో అది రాయండి. సిగ్గుంటే.

సారూ, పోయి రండి.

మా గుమ్మాలెక్కి దిగి అలసిపోయారు. ప్రభువు మీకు నెమ్మదినివ్వాలి.