వండని పూట పిడికెడు

మా సంఘంలో ఆగమన కాలం గంపతో మొదలవుతుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు వారాలూ ఆడవాళ్ళం పిడికెడు బియ్యం తీస్తాం. వంటకు బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోయాలి. పూటకో పిడికెడు. ఆదివారం నాడు ఆ డబ్బాలన్నీ గుడిలో ముందు పెట్టిన వెదురు గంపలో ఒంపుతాం. నాలుగో ఆదివారం ఆ గంప సంఘంలో అందరికంటే లేమిలో ఉన్న ఇంటికి చేరుతుంది. ఆ ఇల్లు ఏదో తేల్చేది ముగ్గురు ఆడవాళ్ళం. అందులో నేనొకదాన్ని. సిరోంచలో అంగన్‌వాడీ నడుపుతాను. పిల్లల్ని తూచి, ఎవరు చిక్కిపోతున్నారో రాసి పంపడం నా ఉద్యోగం. ఆకలిని కనిపెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు కొంత పొగరు కూడా ఉండేది.

మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, మాకు రెండు వాడల అవతల ఒక్కతే ఉండేది. చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. నన్ను సగం పెంచింది ఆమే. నిరుడు ఆగమనంలో మొదటి ఆదివారమే ఆమె డబ్బా అంచుదాకా నిండి వచ్చింది. మాలాంటివాళ్ళం ఒక పూట మరిచిపోయి, ఒక పూట బద్ధకించి సగం డబ్బాలతో వచ్చాం. ఆమె బియ్యం మాత్రం వేరుగా ఉన్నాయి. రేషన్ బియ్యం కావు. నూకలు, ఊక, మధ్యలో మట్టిబెడ్డలు.

“ఏంది చిన్నమ్మ, దేవునికి రాళ్ళు గూడ కానుక ఇస్తున్నవా?” అని ఆటపట్టించాను.

“కొత్తవడ్లు బిడ్డా. దేవునికి కొత్తయే పెట్టాలె,” అని నవ్వింది.

ఆమెకు గుంటెడు పొలం లేదు. కొత్తవడ్లు ఎక్కడివని అడగాలని నాకు తోచలేదు.

రెండో ఆదివారం అయ్యగారు, బైబిల్లో తనకున్న రెండు కాసులూ కానుక పెట్టెలో వేసిన పేద విధవరాలి గురించి ప్రసంగం చేశాడు. చెబుతూ చెబుతూ మా చిన్నమ్మ వైపు చెయ్యి చూపించాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని తల దించుకుంది. నాకు ఛాతీ ఉప్పొంగింది. మా చిన్నమ్మ మరి!

మూడో ఆదివారం గంప ఎవరికివ్వాలో తేల్చడానికి ముగ్గురం కూర్చున్నాం. మాలో పెద్దామె అన్నది, “మీ చిన్నమ్మ జర బక్కవడ్డట్టు అనిపిస్తున్నది. ఈసారి ఆమెకు ఇద్దామా?”

“ఆమెకెందుకక్కా? అందరికన్న నిండుగ తెచ్చేది ఆమెనేనాయె. ఇస్తే చిన్నబోతది,” అన్నాను.

అన్నది నేనే. ఇంకెవరూ కాదు. గంపను ఇంకో ఇంటికి రాశాం. ఆ వారమే నది మీది వంతెన దాటి చెన్నూరు వెళ్ళి పండుగ బట్టలు తెచ్చాను. చిన్నమ్మకు నీలం రంగు చీర తెచ్చాను. మా ఇంటికి పిలిచి ఇచ్చినప్పుడు అన్నం తినిపొమ్మంటే, “ఇప్పుడే తిన్న బిడ్డా,” అంది. ఎప్పుడు పిలిచినా అదే మాట.

నాలుగో ఆదివారం పొద్దున ఆమె గుడికి రాలేదు. ఆరాధన మొదలుకాకముందే వాళ్ళింటికి వెళ్ళాను. మంచం మీద గొంగడి కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎంత పిలిచినా పలకలేదు. తట్టి చూస్తే ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయి ఉంది. కింద దింపడానికి ఎవరైనా వచ్చేదాకా ఆగలేకపోయాను, రెండు చేతులా ఎత్తాను. ఎత్తగలిగాను. రోజూ పిల్లల్ని ఎత్తి తూచే చేతులు నావి. ఒక పెద్దమనిషి ఎంత బరువుండాలో వాటికి తెలుసు. ఆ గుడిసెలో నేను అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. కుండలో ఒక్క గింజ లేదు. గూట్లో దేవుని డబ్బా మాత్రం అంచుదాకా నిండి ఉంది.

పక్కింటామె ఏడుస్తూ చెప్పింది. “మూడు నెలల సంది రేషన్ మిషన్ల ఆమె అంగుఠా, ఏలిముద్ర, పడ్తలేదని బియ్యం ఇస్తలేరు. కోసిన మళ్ళల్ల పరిగె ఏరి, దంచుకొని తిన్నది. రెండు రోజులకొక్కపాలి పొగ లేస్తుండె. వండకున్నా పూటకో పిడికెడు మాత్రం తీస్తుండె.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నేను అడిగిన. నీకు చెప్తే నువ్వు బియ్యం తెచ్చి పోస్తవట. అండ్లకెల్లి దేవునికి తీస్తే అవి నీవైతయి గని ఆమెవి కావట.”

ప్రేమంటే తన్ను తాను ఇచ్చుకోవడమని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ప్రతి ఆగమనంలో వింటాను, తల ఊపుతాను. ఆ రెండు కాసుల విధవరాలు ఇంటికి వెళ్ళి ఆ పూట ఏం తిన్నదో మాత్రం ఏ ప్రసంగంలోనూ వినలేదు. చిన్నమ్మ ఇచ్చింది, మేం మెచ్చుకున్నాం. మెచ్చుకున్నాక ఆమె చెయ్యి ఆపే దారి మేమే మూసేశాం. దేవుని మీద కోపం లేదంటే అబద్ధం. నా మీద ఉన్న కోపం ముందు అదెంత? ఈ ఏడు మళ్ళీ గంప పెట్టారు. నేను పక్కన నిలబడి డబ్బాలు చూడను, తెచ్చినవాళ్ళ మణికట్లు చూస్తాను. అందరూ నాకు మతి చలించిందంటున్నారు. చూసి ఏం లాభం? చూడాల్సిన చెయ్యి మట్టిలో కలిసింది.

నీలం చీర కట్టే సమాధి చేశాం. మూడోనాడు ఆదరణ కూడిక పెట్టాం. గంప రావాల్సిన ఇంటి ఇల్లాలు వచ్చి, “నాకొద్దు అక్కా. ఆమె పేరు మీద వండి అందరికి పెట్టుండ్రి,” అంది. ఆమె పిల్లలు ఆ బియ్యం కోసం ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. వద్దని చెప్పే మొహం నాకు లేకపోయింది. గూట్లో దొరికిన డబ్బా కూడా తెచ్చి అందులోనే ఒంపాను. ఏరడానికి కళ్ళు కనబడలేదు, అట్లాగే ఎసట్లో పోశాను.

అందరూ బంతిలో కూర్చుని తిన్నారు. నన్నూ కూర్చోబెట్టారు. రెండో ముద్దలో పంటి కింద రాయి తగిలింది. ఉమ్మలేదు. మింగాను.